టోపీ కింది ముఖం

మా ఊరు మతాఫాగాలో చుట్టూ గోడలున్న కట్టడాలు మూడే. చర్చి, పాస్టరు గారి ఇల్లు, ఊరి శుభ్రం చూసుకునే మహిళా కమిటీ ఇల్లు. మిగతా మేమంతా నాలుగు వైపులా గాలాడే చావిళ్ళలో బతికేవాళ్ళం. గోడంటూ ఉన్నాక దానికి ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది. అందుకే కమిటీ ఇంట్లో ఇప్పటిదాకా ప్రెసిడెంట్లుగా చేసినవాళ్ళ ఫోటోలన్నీ వరసగా తగిలించారు. అందరూ తెల్లబట్టలు కట్టి, తెల్ల టోపీలు పెట్టి, నోళ్ళు బిగించి, ఏ ఇంట్లో చాపలు దులపలేదో తమకు తెలుసన్నట్టు కిందికి చూస్తుంటారు.

ఆ వరసలో చివరి ఫోటో ఇప్పటి ప్రెసిడెంటు లెపెకాది. అందులో తెల్లబట్టలున్నాయి. టోపీ ఉంది. టోపీ అంచున కుట్టిన లేసులో ముడులు లెక్కపెట్టుకోవచ్చు. లేనిదల్లా లెపెకా ముఖమే. టోపీకీ మెడపట్టీకీ మధ్య మాడిన గిన్నె అడుగు లాంటి నలుపు ఉంది, అంతే.

ఆ ఫోటో తీసిన ఘనుడు ఆమె సొంత తమ్ముడు తోవియా.

తోవియా కొన్నాళ్ళు ఆక్లాండ్‌లో ఫ్యాక్టరీ పని చేసి, అక్కడి చలికి దణ్ణం పెట్టి మా దీవి సవాయీకి తిరిగొచ్చేశాడు. వచ్చేటప్పుడు అందరూ రేకు డబ్బాలూ దుప్పట్లూ తెచ్చుకుంటే, మనవాడు ఒక పాత కెమెరా మెళ్ళో వేసుకుని దిగాడు. అప్పటినుంచి పెళ్ళికీ, చావుకీ, క్రికెట్ పోటీకీ అతనే ఫోటోగ్రాఫరు. రీలు అయిపోతే ఓడ మీద పక్క దీవిలోని పట్నం అపియాకి పంపేవాడు. రెండు మూడు వారాలకు ఫోటోలు తిరిగొచ్చేవి. ఈలోగా ఖాళీగా ఉండలేక ఉపన్యాసాలిచ్చేవాడు.

"కెమెరాకి మనం చెప్పాల్సినవి రెండే. ఎక్కడ చూడాలో చెప్పాలి, ఎంత వెలుతురు మింగాలో చెప్పాలి. మిగతాదంతా వేలు నొక్కడమే," అనేవాడు, చేపలవేట నుంచి వచ్చి వల ఆరేసుకుంటున్న మగవాళ్ళతో. వాళ్ళు తలూపేవాళ్ళు. కాసేపటికి ఆ ఊపే తలలు కొన్ని గుండెల మీదికి వాలిపోయేవి. తోవియాకి అదేం పట్టేది కాదు. నిజం చెప్పాలంటే, నిద్రపోయేవాళ్ళ ముందయితే ప్రశ్నలడిగే బెడద కూడా ఉండదు.

చెప్పినంత వరకూ అతను చెప్పింది తప్పు కాదు. కెమెరా కంట్లోంచి చూస్తే పక్కన చిన్న ముల్లు ఉంటుంది. వెలుతురెక్కువైతే లేస్తుంది, తక్కువైతే పడుతుంది. అది మధ్యకొచ్చేదాకా రింగు తిప్పాలి. చిక్కంతా ఎక్కడంటే, ఆ ముల్లు దేన్ని చూసి లేచిందో ఫోటోలో అదే నిలుస్తుంది. ఎండలో మెరిసే తెల్లగుడ్డను చూపించి సరిచేస్తే గుడ్డ బ్రహ్మాండంగా వస్తుంది, టోపీ నీడలో ఉన్న ముఖం చీకట్లో కలిసిపోతుంది. ముఖాన్ని చూపించి సరిచేస్తే ముఖం బతుకుతుంది, గుడ్డ పొంగిన పాలలాగా చెదిరిపోతుంది.

మొదటి ఏడాది తోవియా ముఖాలే చూశాడు. ఫోటోలొచ్చిన రోజున కమిటీ సెక్రటరీ ఎసెతా తన ఫోటో పట్టుకుని అతని చావిడి ముందుకొచ్చి నిలబడింది. "శుక్రవారం నుంచి నానబెట్టి, ఉతికి, నీలి పెట్టి, గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో చెయ్యి కాల్చుకుని ఇస్త్రీ చేశాను. నా లేసేదయ్యా? నా కుచ్చులేవి? దుప్పటి చుట్టుకుని చర్చికెళ్ళినట్టుంది! ఆదివారం తెలుపు ఆడదాని పరువయ్యా, ఆక్లాండ్‌లో నీకెవరూ చెప్పలేదా?" అని ఊరంతా వినేలా అడిగింది. వెనకాల ఇంకా నలుగురు వాళ్ళ వాళ్ళ ఫోటోలతో వంతు కోసం నిలబడి ఉన్నారు.

ఆ దెబ్బతో తోవియా బట్టల పక్షానికి మారిపోయాడు. ముల్లుకి ఎప్పుడూ తెల్లగుడ్డే చూపించాడు. ముఖాలు నల్లబడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో పెట్టుకునే ఫోటోలో ఎవరెవరో ఇంట్లోవాళ్ళకి తెలుసు కాబట్టి, లేసు కనిపిస్తే చాలనుకున్నారు. అంటే ఈ తప్పులో మా ఊరికీ వాటా ఉంది. కాని తిట్లు పంచుకోవాల్సి వచ్చినప్పుడు ఊరు మాత్రం ముందుకు రాలేదు.

కమిటీ గోడ సంగతి వేరు. అక్కడికి పై ఊరివాళ్ళు వస్తారు. పిల్లల్ని తూకం వెయ్యడానికి జిల్లా ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్త నర్సు, చేతులు తుడుచుకుంటూ ఫోటోలన్నీ చూసి, చివరిదాని దగ్గర ఆగింది.

"ఈ టోపీ ఎవరిదండీ?" అంది.

ఆ టోపీ మనిషి పక్కనే నిలబడి, ఏడుస్తున్న పసివాణ్ణి తక్కెడ గుడ్డలోంచి ఎత్తుకుంటోంది. లెపెకా పసివాడి ముక్కు తుడిచింది. మర్నాటికల్లా ఊళ్ళో ఆమె పేరు మారిపోయింది. "టోపీ పెద్దమ్మ వస్తోందిరోయ్, చాపలు దులపండి!" అని పిల్లలు ఇంటింటికీ పరిగెత్తి చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కట్టించిన మనిషి, దొడ్లో పందులకు దడి కట్టనివాణ్ణి పెద్దల సభలో నిలబెట్టిన మనిషి, చివరికి టోపీగా మిగిలింది.

ఏడాది చివర్లో లెపెకా పదవి దిగిపోవాలి. ప్రెసిడెంటుగా ఉండగా తీసిన ఫోటోయే గోడ మీద ఉండాలన్నది కమిటీ రివాజు. అందరూ తెల్లబట్టల్లో ఫోటో దిగే పండగల్లో ఇక మిగిలింది అక్టోబరులో వచ్చే తెల్ల ఆదివారం ఒక్కటే. అపియా నుంచి స్టూడియో మనిషిని పిలిపిద్దామని ఎసెతా మీటింగులో అంది. తోవియా భార్య లువీసా ఆ మీటింగులోనే ఉంది. ఇంటికొచ్చి చామగడ్డల చెక్కు తీస్తూ మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పింది.

"మీ అక్క ఏమందో తెలుసా? 'నా తమ్ముడు కెమెరా మెళ్ళో వేసుకుని తిరుగుతుండగా ఇంకొకడొచ్చి నన్ను ఫోటో తియ్యడమేంటి? వాడే తీస్తాడు. అదీ పాడైతే ఆ టోపీనే ఉంచండి, చచ్చేదాకా టోపీగానే ఉంటాను' అంది."

"అంత మాటందా?"

"అంది. ఎసెతా నవ్వాపుకోలేక దగ్గింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నా. ఇప్పుడు నీ సంగతి నువ్వు చూసుకో."

తోవియా ఆ పూట అన్నం సయించక లేచిపోయాడు. అక్క తన మీద పెట్టుకున్న నమ్మకానికి తను తగడని ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు. ఉపన్యాసాలిచ్చేవాడికి తన ఉపన్యాసంలో బొక్కలు ఎక్కడున్నాయో తెలియకుండా ఉంటుందా?

మర్నాడు పొద్దున్నే సాధన మొదలుపెట్టాడు. దడికర్ర మీద పెద్ద సీమపనసకాయ గుచ్చి, దాని నెత్తిన లువీసా చర్చి టోపీ పెట్టాడు. కింద తెల్ల దుప్పటి కట్టాడు. దూరం నుంచి దుప్పటి కొలిచి ఒకటి తీశాడు. తర్వాత కాయ దగ్గరికెళ్ళి, కెమెరా కంటి నిండా కాయే కనిపించేంత దగ్గరగా నిలబడి, ముల్లు సరిచేసి, రింగు కదలకుండా పట్టుకుని వెనక్కి నడిచి ఇంకొకటి తీశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన, "కాయని నవ్వమను తోవియా, మరీ బిగుసుకుపోయింది," అని చెప్పి వెళ్ళాడు.

ఫోటోలొచ్చాయి. దూరం నుంచి కొలిచిన దాంట్లో ఎప్పటిలాగే టోపీ. దగ్గరికెళ్ళి కొలిచిన దాంట్లో కాయ మీది గరుకంతా, జిగురు కారిన చారతో సహా కనిపించింది. దుప్పటి కొంచెం చెదిరింది గాని పరవాలేదు.

లువీసా ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇన్నేళ్ళలో నువ్వు తీసిన వాటిల్లో ఇంత కళగా వచ్చిన ముఖం ఇదే. నా పెళ్ళి ఫోటోలో నాకూ లేదు ఈ కళ," అంది.

"కిటుకు దొరికిందే! ముఖం దగ్గరికి వెళ్ళాలి. అక్కడ కొలిచి, వెనక్కి వచ్చి, కంటి మీద ఫోకస్ చెయ్యాలి. అంతే!"

"అంతేనా? మరి మీ అక్క ముఖానికి మూరెడు దూరంలో నిలబడి, ఒంటికన్ను మూసుకుని గుడ్లప్పగించి చూస్తావా? పాస్టరు గారి ముందు? ఊరందరి ముందు?"

 అది తోవియాకి తట్టనే లేదు.

మాలో అక్కచెల్లెళ్ళ దగ్గర మగవాళ్ళు మసిలే తీరే వేరు. అక్క కూర్చున్న చాప మీద తమ్ముడు కూర్చోడు. అక్క ఉన్నచోట మోటు మాట అనడు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే ఆమె చేతుల వైపో చాప అంచు వైపో చూస్తాడు గాని, ముఖంలోకి సూటిగా చూడడు. ఆమె మాటకి ఎదురు చెప్పడు. ఊళ్ళో ఎంత పనికిమాలినవాడైనా ఈ ఒక్క విషయంలో పొరపాటు చెయ్యడు. తోవియా లెక్కప్రకారం పనికిమాలినవాడే గాని, ఇందులో మాత్రం నూటికి నూరు మార్కుల తమ్ముడు. ఆక్లాండ్ వెళ్ళే ముందు అక్క ఏడుస్తుంటే కూడా ఆమె కాళ్ళ దగ్గరి చాప చూస్తూనే వీడ్కోలు తీసుకున్నాడు.

తెల్ల ఆదివారం వచ్చింది. అది పిల్లల పండగ. కొత్త తెల్లబట్టల్లో పిల్లలు చర్చిలో వాక్యాలు అప్పజెప్పారు, మధ్యలో మరిచిపోయారు, ఒకడు ఏడ్చాడు, అమ్మలు బెంచీల్లోంచి పెదాలు కదిపి అందించారు. ప్రార్థన అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఫోటో తీసే ఆచారం సరిగ్గా అప్పుడే, చర్చి మెట్ల మీద. ఫోటోకి అంతకంటే చెడ్డ వేళ, అంతకంటే చెడ్డ చోటు వెతికినా దొరకవు. పైనుంచి పడే ఎండకి కళ్ళు గుంటల్లోకి పోతాయి, టోపీ అంచు నీడ గడ్డం దాకా దిగుతుంది. ఈ ముక్క తోవియా వలలు ఆరేసుకునేవాళ్ళకి చాలాసార్లు చెప్పాడు. పాస్టరు గారికి చెప్పే ధైర్యం మాత్రం ఏనాడూ చెయ్యలేదు.

లెపెకా మెట్ల మధ్య నిలబడింది. బట్టలు కత్తిలా ఉన్నాయి. పక్కన కమిటీ అంతా నిలబడింది. పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. రాళ్ళ పొయ్యి మీద కాలిన పంది వాసన గాలిలో వస్తోంది, అందరికీ ఆకలిగా ఉంది.

"కానీరా తమ్ముడూ," అంది లెపెకా.

తోవియా రెండడుగులు ముందుకేశాడు. ఊరంతా అతన్నే చూస్తోంది. మూడో అడుగు పడలేదు. చెమట కంట్లోకి కారింది. అప్పుడొక దివ్యమైన ఆలోచన వచ్చింది. అక్క ముఖమూ తన అరచెయ్యీ ఒక్క నెత్తురే కదా! ముఖం కొలిచే బదులు అరచెయ్యి కొలిస్తే సరిపోలేదూ? చెయ్యి చాచి, అరచేతిని కంటినిండా నింపుకుని, ముల్లు మధ్యకి తెచ్చాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. ఇక ఫోకస్. కెమెరా కంటి మధ్యలో చిన్న గుండ్రం ఉంటుంది. అందులో ఏ గీతైనా రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ముందున్న ఇంకో రింగు తిప్పితే ముక్కలు రెండూ కలుస్తాయి, కలిసినప్పుడు ఆ గీత స్పష్టంగా వచ్చినట్టు. టోపీ నీడలో కంటిగీత ఎక్కడుందో దూరం నుంచి ఎంత వెతికినా దొరకలేదు. టోపీ లేసు మాత్రం ఎండలో "నేనున్నా" అని మెరిసింది. చెయ్యి దాని మీదికే పోయింది. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పాస్టరు గారు దగ్గారు. ఇంకా నొక్కాడు.

అందరూ మెట్లు దిగిపోయాక తన అరచెయ్యి చూసుకున్నాడు. చెయ్యి ఎండలో ఉంది. అక్క ముఖం నీడలో ఉంది. ఒక్క నెత్తురే గాని ఒక్క వెలుతురు కాదు.

'ఓరి తోవియా,' అనుకున్నాడు, 'సీమపనసకాయకున్నపాటి బుర్ర నీకుంటే ఎంత బావుండేది!'

తెల్ల ఆదివారం నాడు ముందు పిల్లలు తినాలి, పెద్దలు వడ్డించాలి. లెపెకా చావిట్లో పిల్లలు వరసలుగా కూర్చున్నారు. వేడి కోకో వాసన, కొబ్బరిపాలలో ఉడికిన చామాకు వాసన. తోవియా మెళ్ళో కెమెరాతోనే, చేతుల్లో చామాకు పొట్లాల పళ్ళెంతో లోపలికొచ్చాడు. ఉక్కకి తాళలేక లెపెకా టోపీ తీసి పక్కన పెట్టి, చావిడి అంచున కూర్చుని, పిల్లల అన్నం మీద ఈగలు వాలకుండా విసనకర్ర ఊపుతోంది.

తోవియా పళ్ళెంతో అలాగే నిలబడిపోయాడు. చూరు నీడ వల్ల అక్క మీద ఎండ పడటం లేదు. కాని చావిడి చుట్టూ పరిచిన తెల్లటి పగడపు గులకరాళ్ళ మీద ఎండ పడి పైకి లేస్తోంది. ఎదురుగా కూర్చున్న పిల్లల తెల్లబట్టల మీద పడి ఇంకా మెత్తబడి, ఆమె ముఖమంతా పరుచుకుంటోంది. కనుబొమల కింద నీడ లేదు. నుదుటి మీద గీతలు, చెంపల మీద చెమట, పెదాల మూల అలసట, అన్నీ కనిపిస్తున్నాయి. ఈ చావిట్లోనే పుట్టి, ఈ చావిట్లోనే తిని, పడుకుని పెరిగినవాడు వెలుతురు కోసం చర్చి మెట్ల మీదికి పరిగెత్తాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలో మా ఊళ్ళో మాటలు చాలానే ఉన్నాయి. అవన్నీ తోవియా వరసగా తననే అనుకున్నాడు.

"ఏంట్రా, పొట్లాలు చల్లారిపోతుంటే అలా స్తంభంలా నిలబడ్డావు? పిల్లలకి పెట్టు," అంది లెపెకా.

తోవియా చాప అంచు చూస్తూ చెప్పాడు. "అక్కా... మళ్ళీ టోపీయే వచ్చుంటుంది."

"ఏంటీ?"

"మెట్ల మీద తీసినవన్నీ. నీ ముఖం రాదు. ముఖం కొలవాలంటే నీ దగ్గరికి రావాలి. అంత మంది ముందు అలా వచ్చి నిన్ను చూడటం... బాగుండదని రాలేదు."

విసనకర్ర ఆగింది. పిల్లలు నమలడం ఆపేశారు. వడ్డిస్తున్న ఎసెతా గరిట పట్టుకుని చెవులు రిక్కించింది.

"ఎన్నేళ్ళయిందిరా ఆ డబ్బా మెళ్ళో వేసుకుని?" అంది లెపెకా, గొంతు మెల్లగానే మొదలుపెట్టి. "ఊళ్ళో పందిపిల్లకి కూడా ముఖమొచ్చింది నీ ఫోటోల్లో. సీమపనసకాయకి వచ్చింది, లువీసా చూపించింది నాకు. నాకు రాలేదు. నా గంజి కొలిచావు, నా లేసు కొలిచావు, నా టోపీ కొలిచావు. ఏమన్నా అంటే గౌరవం! నీ గౌరవం మూలాన నేను ఊళ్ళో ముఖం లేనిదాన్నయ్యానురా! ఒక్కసారైనా చూశావా నన్ను? నాకు కళ్ళెక్కడున్నాయో తెలుసా నీకు? దా! ఇటు దా! దగ్గరికి రా! నీ అక్కగా నేనే చెప్తున్నా, వచ్చి చూడు!"

అక్క మాటకి ఎదురు లేదు. తోవియా పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళాడు. కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఆమె ముఖమే కెమెరా కంటి నిండా కనిపించింది. ముల్లుని ఎలాగో మధ్యకి తెచ్చాడు. పైరెప్ప గీత రెండు ముక్కలుగా ఉంది, తిప్పాడు, కలిసింది. అప్పుడు కనిపించింది, అక్క ఎడమ కంటి కింద ఒక చిన్న పుట్టుమచ్చ. పుట్టుమచ్చ అంటే పుట్టినప్పటినుంచీ ఉంటుంది. అతనికి మాత్రం ఇవాళే తెలిసింది. కళ్ళు మసకేశాయి. ఫోకస్ పోయిందేమోనని కంగారుపడ్డాడు. పోయింది కెమెరాది కాదు.

"చూశావా? కనిపించానా?" అంటోంది లెపెకా, విసనకర్ర పైకెత్తి. "ఇప్పటికైనా కనిపించానా? లేక ఇంకా లేసు వెతుకుతున్నావా, దద్దమ్మా..."

వెలుతురు రింగు కదలకుండా, ముందు వరస పిల్లలు కూడా అంచున పడేంత వెనక్కి జరిగి, మళ్ళీ కంటి గీత కలుపుకుని నొక్కాడు. రీలు అయిపోయింది.

మూడో వారం ఓడలో ఫోటోలొచ్చాయి. మెట్ల మీద తీసినవాటిల్లో ముఖాలు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి. అరచేతి పుణ్యం! చివరి ఫోటో చూసి లువీసా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి కాబట్టి తోవియా భయపడ్డాడు. దాన్ని కాగితంలో చుట్టి కమిటీ ఇంటికి తీసుకెళ్ళి, గుమ్మంలో ఇచ్చేసి, బయట మెట్టు మీద కూర్చున్నాడు. 

ముందు ఎసెతా గొంతు వినిపించింది. "టోపీ లేదు. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. పిల్లల బట్టలు చూడండి, ఒక్క కుచ్చూ లేదు, సున్నం చల్లినట్టుంది. అన్నిటికీ మించి నోరు! ఇంత పెద్ద నోరు తెరిచిన ప్రెసిడెంటు ఈ గోడ మీద ఒక్కరైనా ఉన్నారా?"

"గోడ మీద లేరు," అంది ఎవరో పెద్దావిడ. "కమిటీలో నోరు మూసుకున్న ప్రెసిడెంటు ఎవరో చెప్పు."

నవ్వులు వినిపించాయి. తోవియా నవ్వలేదు. అతను ఎదురుచూస్తున్న గొంతు ఇంకా రాలేదు. తలుపు సందులోంచి చూస్తే లెపెకా ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూస్తోంది. ఒక వేలితో ఎడమ కంటి కింద తడుముకుంది, నిజం ముఖం మీద.

"ఇది నేనే," అంది చివరికి. "ఆ టోపీని దింపండి."

ఎసెతా ఇంకేదో అనబోయింది. లెపెకా ఫోటోలో ఎలా ఉందో అచ్చం అలాగే ఆమె వైపు తిరిగింది. ఎసెతా సుత్తి వెతకడానికి వెళ్ళింది.

నోళ్ళు బిగించిన ప్రెసిడెంట్ల పక్కన ఇప్పుడొకావిడ విసనకర్ర ఎత్తి గోడ మీదినుంచి అరుస్తూ ఉంటుంది. నర్సు మళ్ళీ తూకానికి వచ్చినప్పుడు ఆ ఫోటో ముందు ఆగి, "అమ్మో, ఈవిడ ఎవర్నండీ ఇంతలా తిడుతోంది?" అంది. "ఫోటో తీసినవాణ్ణి," అని చెప్పింది లెపెకా, తక్కెడ సరిచేస్తూ. ఇప్పుడు ఎవరొచ్చినా అదే అడుగుతారు, ఎవరు జవాబు చెప్పినా అదే చెప్తారు. పేరు లేకుండానే తోవియా కూడా ఆ గోడెక్కాడు.

అక్క దారిలో ఎదురుపడితే అతను ఇప్పటికీ తల వంచుకుని ఆమె చేతుల్లో ఏముందో చూసి మాట్లాడతాడు. కమిటీ ఇంటి కప్పు కారుతోందనో, తలుపు బిగుసుకుపోయిందనో కబురొస్తే మాత్రం అందరికంటే ముందు తనే బయల్దేరతాడు. పని అయ్యాక, లోపల ఎవరూ లేకపోతే, ఆ ఫోటో ముందు నిలబడి అక్క కళ్ళలోకి చూస్తాడు. ఎంతసేపు చూసినా కాదనేవాళ్ళు లేరు. ఆమె తిడుతూనే ఉంటుంది.